24క్యూ వేసే ముందు లెడ్జర్‌కీ చలానాలకీ 23,400 తేడా వస్తోంది, ఎక్కడ వెతకాలి?

కొత్తపద్దు
జులై 19, 2025, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. 34 మంది పనిచేసే ఒక చిన్న కంపెనీలో మే నెలాఖర్లో అకౌంట్స్‌లో చేరాను. నాకంటే ముందు చూసినాయన ఏప్రిల్‌లోనే మానేశారు. అప్పగింత అంటూ ఏమీ జరగలేదు, ఒక పెన్‌డ్రైవ్, పాస్‌వర్డ్‌లు రాసిన కాగితం చేతిలో పెట్టారంతే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా జీతాల టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపన్ను) రిటర్న్, అంటే 24క్యూ, ఇప్పుడు నేనే వేయాలి, ఈ నెల 31 ఆఖరు తేదీ. ఇంతకు ముందు వేరేచోట డేటా ఎంట్రీ చేశాను గానీ మొత్తం బాధ్యత నాది అవడం ఇదే మొదటిసారి.

సమస్య ఏంటంటే టీడీఎస్ చెల్లించాల్సిన లెడ్జర్‌లో ఏప్రిల్ 52,400, మే 55,500, జూన్ 78,400, కలిపితే 1,86,300 ఉంది. కట్టిన చలానాలు మాత్రం 52,400, 55,500, 55,000, అంటే 1,62,900. జూన్‌లోనే 23,400 తేడా. జులై 7న కట్టిన చలానా నేను కట్టింది కాదు, మా ఎండీ గారే బ్యాంకు లాగిన్‌లో కట్టేశారు, ఆ అంకె ఎలా వచ్చిందని అడిగితే ఆడిటర్ ఆఫీసు వాళ్లు చెప్పారన్నారు. రెండు రోజులుగా షీట్లు తిరగేస్తున్నాను, నిద్ర పట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.


చిట్టా_వెంకట్
జులై 19, రాత్రి 9:40

ఇందులో అంత టెన్షన్ పడాల్సింది ఏముందండి. రేపే ఆ 23,400 కూడా 281 చలానాలో (టీడీఎస్ కట్టే చలానా) కట్టేయండి, జూన్ కిందే చూపించండి, లెడ్జరూ రిటర్నూ కలిసిపోతాయి. ఆలస్యానికి కొంచెం వడ్డీ పడుతుంది, అంతే.


రామం_ఆడిట్
జులై 19, రాత్రి 10:05

వెంకట్ గారూ, ఆగండి. అంకె కలపడానికి డబ్బు కట్టకూడదు. ముందు ఆ 23,400 ఎవరిది, ఎప్పుడు కోశారు అన్నది తేలాలి.

కొత్తపద్దు గారూ, ఒకే ప్రశ్న. జూన్ జీతాలు అందరికీ ఏ తేదీన బ్యాంకులో పడ్డాయి? జీతాల షీట్ చూడకండి, బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి చెప్పండి. మార్చి జీతం ఎప్పుడు వేశారో కూడా చూడండి.


కొత్తపద్దు
జులై 20, ఉదయం 11:30

చూశాను సార్. మార్చి జీతాలు అందరికీ మార్చి 29న వెళ్లాయి. ఏప్రిల్, మే కూడా నెలాఖరుకే. జూన్‌లో మాత్రం 28 మందికి 30న పడ్డాయి, మిగతా ఆరుగురికి జులై 4న. ఒక క్లయింట్ దగ్గర్నుంచి రావాల్సిన డబ్బు ఆలస్యమైతే పెద్ద జీతాలు నాలుగు రోజులు ఆపారట, ఈ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. ఆ ఆరుగురి టీడీఎస్ కూడితే సరిగ్గా 23,400!


రామం_ఆడిట్
జులై 20, మధ్యాహ్నం 12:15

అయితే మీ దగ్గర తేడానే లేదమ్మా. చలానా సరిగ్గానే కట్టారు, లెడ్జర్ ఎంట్రీయే ముందు పడింది.

జీతం మీద టీడీఎస్ 192 సెక్షన్ కింద కోస్తాం. అక్కడ జీతం చెల్లించే రోజునే పన్ను కోయాలి అని ఉంది. జూన్ నెల జీతమే అయినా జులై 4న చెల్లించారు కాబట్టి ఆ ఆరుగురి దగ్గర పన్ను కోసింది జులైలో. జులైలో కోసినది ఆగస్టు 7లోగా కట్టాలి, అది జులై-సెప్టెంబర్ క్వార్టర్ రిటర్న్‌లోకి వెళ్తుంది. ఈ క్వార్టర్ 24క్యూలో దాని ప్రస్తావనే రాకూడదు.

వెంకట్ గారు చెప్పినట్టు చేసి ఉంటే ఏమయ్యేదో చూడండి. కోసిన తేదీ జూన్ 30 అని, కట్టిన తేదీ జులై 20 అని రిటర్న్‌లో రాస్తారు. కోసి ఆలస్యంగా కడితే నెలకి 1.5 శాతం వడ్డీ, పైగా నెలలో ఒక్క రోజు తగిలినా పూర్తి నెల కిందే లెక్క. జూన్ ఒకటి, జులై ఒకటి, రెండు నెలలు, 3 శాతం. 23,400 మీద 702 రూపాయలు. కట్టక్కర్లేని వడ్డీ అది. చిన్న మొత్తమేలే అనిపిస్తుంది, కానీ తప్పు తేదీతో వేసిన రిటర్న్ అలాగే రికార్డులో ఉండిపోతుంది.


చిట్టా_వెంకట్
జులై 20, మధ్యాహ్నం 12:50

ఒప్పుకుంటున్నాను రామం గారూ, నేను తొందరపడ్డాను. మా దగ్గర జీతాలు ఎప్పుడూ నెలాఖరుకే పడతాయి కాబట్టి ఈ తేడా నా కంట పడలేదు. మరి పద్దుల్లో ఎలా సరిచేయాలి? జూన్ ఖర్చు జూన్‌లోనే రావాలి కదా.


రామం_ఆడిట్
జులై 20, మధ్యాహ్నం 1:10

ఖర్చు జూన్‌లోనే ఉంటుంది, దాన్ని కదపొద్దు. ఆ ఆరుగురి పూర్తి జీతం, అంటే పన్ను కోయకముందు మొత్తం, జూన్ 30న జీతాలు చెల్లించాల్సిన ఖాతాలో నిలబెట్టండి. జులై 4న బ్యాంకు ఎంట్రీ వేసేటప్పుడు అందులోంచి 23,400 టీడీఎస్ ఖాతాకి, మిగతాది బ్యాంకుకి. అప్పుడు జూన్ 30 నాటికి టీడీఎస్ లెడ్జర్‌లో 55,000 మాత్రమే మిగులుతుంది, జులై 7 చలానాతో అది సున్నా అవుతుంది. జీతాల జర్నల్ మొత్తాన్నీ నెలాఖరున ఒకే దెబ్బలో వేసే అలవాటు వల్లే ఈ గందరగోళం వస్తుంది.


నిర్మల_కె
జులై 20, మధ్యాహ్నం 3:25

రామం గారు చెప్పింది జీతాలకి మాత్రమే, ఇది గుర్తుపెట్టుకోండి. మీ షీట్‌లో కన్సల్టెంట్లు ఎవరైనా ఉన్నారా? చిన్న కంపెనీల్లో నెలనెలా ఒకే మొత్తం తీసుకుంటారు కదా అని వాళ్లని కూడా జీతాల షీట్‌లోనే రాస్తారు. వాళ్లకి 194జె (వృత్తి ఫీజుల మీద టీడీఎస్ సెక్షన్) వర్తిస్తుంది, 10 శాతం. 24క్యూలో కాదు, 26క్యూలో (జీతాలు కాని చెల్లింపుల టీడీఎస్ రిటర్న్) చూపాలి. ఈ ఏడాది ఏప్రిల్ నుంచి ఏడాదికి 50,000 దాటితేనే కోయాలి. అసలు తిరకాసు ఏంటంటే అక్కడ తేదీ నియమం వేరు. బిల్లు పద్దులో రాసిన రోజు, డబ్బిచ్చిన రోజు, రెండిట్లో ఏది ముందైతే ఆ రోజు పన్ను కోయాలి. జీతానికి ఇలా లేదు. ఒకే షీట్‌లో రెండు నియమాలు నడుస్తుంటాయి, అందుకే ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా ఇక్కడ తడబడతారు.


కొత్తపద్దు
జులై 20, సాయంత్రం 5:02

మేడమ్, ఉన్నారు! షీట్ అడుగున ఒకరి లైన్ ఉంది, నెలకి 60,000. ఆయన టీడీఎస్ వేరే లెడ్జర్‌లో ఉంది కాబట్టి పైన చెప్పిన లెక్కలో కలవలేదు. ఏప్రిల్, మే బిల్లులకి సరిగ్గానే కోసి కట్టారు. జూన్ బిల్లు జూన్ 30 తేదీతో పద్దులో రాశారు, డబ్బు జులై 10న ఇస్తూ అప్పుడు 6,000 కోశారు. అంటే ఇది ఆలస్యమైనట్టేనా?


నిర్మల_కె
జులై 20, సాయంత్రం 5:40

అవునమ్మా, ఆలస్యమే. జూన్ 30నే కోసి జులై 7లోగా కట్టాల్సింది. కోయడంలో ఆలస్యానికి నెలకి ఒక శాతం, జూన్, జులై రెండు నెలలు, 120 రూపాయలు. ఆ 6,000, ఈ 120 వడ్డీ ఒకే చలానాలో కట్టొచ్చు, వడ్డీ గడిలో వడ్డీ విడిగా రాయండి, పన్నులో కలిపేయకండి. రేపే కట్టండి. ఆగస్టు 7 దాటితే 1.5 శాతం లెక్క మొదలవుతుంది, అందాకా ఆగొద్దు.


స్వాతి_పేరోల్
జులై 20, రాత్రి 8:55

ఏడో తేదీ గురించి నా అనుభవం ఒకటి చెప్తాను, కొత్తవాళ్లు ఎవరైనా చదువుతుంటే పనికొస్తుంది. పాత ఉద్యోగంలో ఒకసారి 7వ తేదీ రాత్రి పదకొండున్నరకి చలానా కడదామని కూర్చున్నాను. బ్యాంకు పేజీ తిరుగుతూనే ఉంది, ఓటీపీ వచ్చేసరికి 12:04. చలానా మీద 8వ తేదీ పడింది. పన్ను కోసింది అంతకు ముందు నెల 31న. నాలుగు నిమిషాల ఆలస్యానికి రెండు నెలల వడ్డీ, 3 శాతం. ఆ నోటీసు పట్టుకుని మా మేనేజర్ ముందు నిలబడ్డ రోజు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి 5వ తేదీ నా ఆఖరు తేదీ. ఏ కంపెనీకి మారినా అదే పద్ధతి.

పీఎఫ్ విషయంలో ఇంకా జాగ్రత్త. అది తర్వాతి నెల 15. మీ కంపెనీ వాటా కాస్త ఆలస్యమైనా ఆదాయపన్ను రిటర్న్ గడువులోగా కడితే ఖర్చు కింద దక్కుతుంది. ఉద్యోగి జీతంలోంచి కోసిన 12 శాతం మాత్రం 15 దాటితే ఇక ఎప్పటికీ ఖర్చు కింద ఒప్పుకోరు. 2022 అక్టోబర్ 12న చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అది ఉద్యోగి డబ్బు, మీ చేతిలో నమ్మకంగా ఉంచిన సొమ్ము, దానికి గడువు గడువే. నాకు ఈ తీర్పు న్యాయంగానే అనిపిస్తుంది. జీతంలోంచి కోసేశాక మన అవసరాలకి వాడుకోవడం ఏ లెక్కన చూసినా తప్పే. మూడు నెలల ఈసీఆర్ (పీఎఫ్ నెలవారీ రిటర్న్) చలానాల తేదీలు ఒకసారి చూసి పెట్టుకోండి, ఏడాది చివర్లో ఆడిటర్ అడిగేది అదే.


జూనియర్_హరి
జులై 20, రాత్రి 9:30

స్వాతి అక్కా, నాదొక ప్రశ్న, క్వార్టర్ లెక్కలు సరిచూస్తుంటే తగిలింది. మా దగ్గర ఒకతని జీతం 20,500 ఉండేది, జూన్ నుంచి 22,300 చేశారు. 21,000 దాటింది కదా అని జూన్‌లో ఈఎస్ఐ ఆపేశాను. మా సీనియర్ తప్పు అంటున్నారు. ఎందుకు?


స్వాతి_పేరోల్
జులై 20, రాత్రి 9:58

మీ సీనియర్ చెప్పింది నిజం హరీ. ఈఎస్ఐకి ఏప్రిల్-సెప్టెంబర్ ఒక కాంట్రిబ్యూషన్ పీరియడ్, అక్టోబర్-మార్చి ఇంకొకటి. పీరియడ్ మొదట్లో అతను పరిధిలో ఉన్నాడు, మధ్యలో జీతం పెరిగినా సెప్టెంబర్ దాకా కొనసాగాల్సిందే. అదీ 21,000 మీద కాదు, పెరిగిన 22,300 మీదే. అతని వాటా 0.75 శాతం, 167.25 వస్తుంది, పై రూపాయికి సవరిస్తే 168. కంపెనీది 3.25 శాతం, 725.

జూన్‌ది జులై 15కే కట్టాల్సింది, కాబట్టి ఇప్పుడు ఏడాదికి 12 శాతం చొప్పున ఎన్ని రోజులైతే అన్ని రోజుల వడ్డీతో కట్టాలి. ఇంకో మాట, జూన్ జీతంలో కోయని ఆ 168 ఇప్పుడు జులై జీతంలోంచి కోయకూడదు, ఏ నెల వాటా ఆ నెల జీతంలోంచే కోయాలని చట్టం. కంపెనీయే భరించాలి. డబ్బు సంగతి అలా ఉంచు, ఈ నెలన్నరలో అతనికో, ఇంట్లోవాళ్లకో ఆసుపత్రి అవసరం పడితే కార్డు పనిచేయకపోతే ఏం చేస్తారు? వెంటనే సరిచెయ్యి.


జూనియర్_హరి
జులై 20, రాత్రి 10:10

ఆ కోణం నాకు తట్టనే లేదక్కా. రేపు ఉదయమే మొదటి పని ఇదే.


కొత్తపద్దు
జులై 23, సాయంత్రం 6:45

మళ్లీ వచ్చాను. కన్సల్టెంట్ 6,000, 120 వడ్డీ కట్టేశాను. పద్దులో ఆ ఆరుగురి ఎంట్రీ మార్చాను, ఇప్పుడు లెడ్జర్ 1,62,900, చలానాలు 1,62,900. ఆర్‌పీయూలో (రిటర్న్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) 24క్యూ నింపాను. కానీ ఫైల్ సరిచూసేటప్పుడు జూన్ చలానా దొరకడం లేదని తప్పు చూపిస్తోంది. బీఎస్ఆర్ కోడ్ (బ్యాంకు శాఖ కోడ్) ఏడంకెలు, చలానా నంబర్ ఐదంకెలు, తేదీ, మొత్తం, అన్నీ నాలుగుసార్లు చూశాను, రసీదులో ఉన్నట్టే ఉన్నాయి.


రామం_ఆడిట్
జులై 23, సాయంత్రం 7:20

సీఎస్ఐ ఫైల్ (కట్టిన చలానాల జాబితా) ఏ తేదీల మధ్య దించుకున్నారు? ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 అని ఇచ్చి ఉంటారు. అక్కడ అడిగేది చలానా కట్టిన తేదీ, క్వార్టర్ తేదీలు కాదు. మీ జూన్ చలానా జులై 7న కట్టారు, అందుకే ఆ ఫైల్‌లో లేదు. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో టాన్ (టీడీఎస్ కోసే కంపెనీకి ఇచ్చే నంబర్) లాగిన్‌తో వెళ్లి జులై 23 దాకా మళ్లీ దించుకోండి.


కొత్తపద్దు
జులై 23, రాత్రి 8:05

అదే సార్! ఇప్పుడు తప్పులేవీ లేకుండా ఎఫ్‌వీయూ (తనిఖీ దాటి అప్‌లోడ్‌కి సిద్ధమైన) ఫైల్ వచ్చేసింది. మొత్తాలు కలిశాయి, ఫైల్ కూడా పాసయింది. రేపు అప్‌లోడ్ చేసేయనా?


స్వాతి_పేరోల్
జులై 23, రాత్రి 8:30

ఒక్క రోజు ఆగమ్మా. ఇంకా ఎనిమిది రోజుల టైముంది.

ఫైల్ పాసయిందంటే పాన్ నంబర్ల రూపం సరిగ్గా ఉందని, చలానాలు దొరికాయని, కూడికలు కుదిరాయని మాత్రమే. ఎవరి పన్ను ఎవరి పాన్ కింద రాశారో ఆ యుటిలిటీకి తెలియదు. ఒకరికి 2,000 ఎక్కువ, ఇంకొకరికి 2,000 తక్కువ రాస్తే మొత్తం చక్కగా కలుస్తుంది. నేను చేసేది చెప్తాను. ప్రింటు తీసి ఒక్కో మనిషి దగ్గరా పెన్సిల్‌తో టిక్ పెట్టుకుంటూ పోతాను, పే స్లిప్‌లో కోసిన పన్ను, రిటర్న్‌లో ఆ పేరు పక్కన ఉన్న పన్ను, వాళ్లు చేరినప్పుడు ఇచ్చిన పాన్ కార్డు కాపీ, మూడూ పక్కపక్కన పెట్టి. 34 మందికి గంటన్నర కంటే ఎక్కువ పట్టదు.

పాన్ చూసేటప్పుడు నాలుగో అక్షరం, ఐదో అక్షరం చూడండి. మనుషులకి నాలుగోది ఎప్పుడూ పి. ఐదోది ఇంటిపేరులో మొదటి అక్షరం. అలా చూస్తూ పోతే పొరపాటు పడినచోట కన్ను ఆగుతుంది.


కొత్తపద్దు
జులై 24, మధ్యాహ్నం 2:18

స్వాతి గారూ, చేతులు వణుకుతున్నాయి ఇది రాస్తుంటే. మా దగ్గర ఇద్దరు శ్రీనివాసరావులు ఉన్నారు, ఒకరి ఇంటిపేరు కె తో, ఇంకొకరిది ఎమ్ తో మొదలవుతుంది. కె శ్రీనివాసరావు గారి పక్కన ఉన్న పాన్‌లో ఐదో అక్షరం ఎమ్ ఉంది. కార్డు కాపీలు తీసి చూస్తే ఇద్దరి పాన్‌లూ తారుమారయ్యాయి. ఒకరికి నెలకి 4,200 పన్ను, ఇంకొకరికి 2,150. మూడు నెలలవీ అలాగే వెళ్లిపోయేవి.

పాత ఏడాది ఫారం 16లు తీసి చూశాను, వాటిలో సరిగ్గానే ఉన్నాయి. జూన్‌లో నేనే పేర్ల వరుస మార్చడానికి ఎక్సెల్‌లో సార్ట్ చేశాను, పాన్ కాలమ్‌కీ పేర్లకీ మధ్య ఒక ఖాళీ కాలమ్ ఉంది, అది ఉంటే రెండో పక్క కదలదని నాకు తెలియదు. ముందు పేర్ల వరుసకీ తర్వాత వరుసకీ తేడా ఆ ఇద్దరి దగ్గరే కాబట్టి మిగతావి బతికిపోయాయి.


రామం_ఆడిట్
జులై 24, మధ్యాహ్నం 3:00

బాగా పట్టుకున్నారు. ఇది వెళ్లిపోయి ఉంటే ఆయన 26ఏఎస్‌లో (ఒకరి పాన్ మీద ఎంత పన్ను జమైందో చూపే పత్రం) ఈయన పన్ను, ఈయన దాంట్లో ఆయనది. ట్రేసెస్ అనే టీడీఎస్ పోర్టల్‌లో కాన్సో ఫైల్ (వేసిన రిటర్న్ వివరాల ఫైల్) దించుకుని కరెక్షన్ స్టేట్‌మెంట్ వేస్తే సరిదిద్దొచ్చు, దారి లేదని కాదు. కానీ ఎవరూ గమనించకపోతే వచ్చే ఏడాది ఆయన రిటర్న్ వేసుకున్నప్పుడు దాదాపు 25,000 పన్ను తక్కువ పడిందని ఆయనకి డిమాండ్ నోటీసు వచ్చేది. కోసిందీ కట్టిందీ అంతా సక్రమమే అయినా, పాపం, తిరగాల్సి వచ్చేది ఉద్యోగే.

మాస్టర్ షీట్‌లో పేరు, పాన్, ఉద్యోగి నంబరు పక్కపక్కనే పెట్టి ఆ మూడు కాలమ్‌లకి తాళం వేసేయండి. సార్ట్ చేయాలంటే కాపీలో చేసుకోండి.


నిర్మల_కె
జులై 24, సాయంత్రం 4:35

ఐదో అక్షరం గురించి చిన్న హెచ్చరిక. మన తెలుగువాళ్లలో పాన్ దరఖాస్తు నింపేటప్పుడు ఇంటిపేరు గడిలో సొంత పేరు రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు మనది, ఆ ఫారంలో అడిగే వరుస వేరు. అలాంటివాళ్ల పాన్‌లో ఐదో అక్షరం సొంత పేరుది ఉంటుంది. కాబట్టి అక్షరం కలవకపోతే తప్పేనని నిర్ణయించేయకండి, కార్డు కాపీ తీసి చూడండి. కలిసినా, ఇద్దరి ఇంటిపేర్లూ ఒకే అక్షరమైతే ఆ పద్ధతి పట్టుకోలేదు. కార్డే ప్రమాణం.

పాన్ ఇవ్వని కొత్త ఉద్యోగులు ఎవరైనా ఉంటే కూడా ఇప్పుడే అడిగి తీసుకోండి. పన్ను పడే జీతమైతే పాన్ లేనివాళ్లకి 20 శాతం కోయాల్సి వస్తుంది. ఆధార్‌తో కలపక పనిచేయని పాన్‌లు కూడా లేనట్టే లెక్క.


చిట్టా_వెంకట్
జులై 24, రాత్రి 9:15

నేనూ మధ్యాహ్నం నుంచి మా 52 మంది ప్రింటు తీసి టిక్ పెట్టుకుంటూ కూర్చున్నాను. తారుమారులేమీ లేవు గానీ మే నెలలో మానేసిన ఒకమ్మాయి లెక్క తప్పింది. ఆఖరి సెటిల్‌మెంట్‌లో సెలవుల డబ్బు కలిపాక పన్ను మళ్లీ లెక్కగట్టలేదు. 192లోనే ఏడాది లోపల హెచ్చుతగ్గులు సవరించుకోవచ్చని ఉంది, కానీ ఆమెకి మళ్లీ జీతం లేదు కదా, ఎందులో సవరిస్తాం.


రామం_ఆడిట్
జులై 24, రాత్రి 9:50

ముందు ఆమె ఏడాది మొత్తానికి మీ దగ్గర తీసుకున్నది ఎంతో చూడండి. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా 12 లక్షలు దాటకపోతే రిబేటుతో పన్నే ఉండదు. రెండు నెలల జీతం, సెలవుల డబ్బు కలిపినా అక్కడిదాకా రాకపోవచ్చు. ఆమె పాత విధానం కావాలని రాసిచ్చి ఉంటే లెక్క వేరు. కాగితం చూసి రాయండి.


చిట్టా_వెంకట్
జులై 25, ఉదయం 10:20

కాగితం ఏమీ ఇవ్వలేదు, అంటే కొత్త విధానమే. మొత్తం 1,94,000. పన్ను లేదు. రామం గారూ, ధన్యవాదాలు.


కొత్తపద్దు
జులై 26, మధ్యాహ్నం 12:40

నిన్న రాత్రి రెండు పాన్‌లూ సరిచేసి ఫైల్ మళ్లీ తయారుచేశాను, 34 మందినీ ఇంకోసారి టిక్ పెట్టాను. ఈ ఉదయం ఎండీ గారి డిజిటల్ సంతకంతో అప్‌లోడ్ అయింది, టోకెన్ నంబర్ వచ్చింది. 26క్యూ కూడా వెళ్లిపోయింది. ఇద్దరు శ్రీనివాసరావు గార్లకీ జరిగింది చెప్పాను, దాచిపెట్టాలనిపించలేదు. కె గారు తన పాన్ కార్డు తీసి మరోసారి చూపించి, సరిపోయిందా అని అడిగి వెళ్లారు.


స్వాతి_పేరోల్
జులై 26, మధ్యాహ్నం 1:05

సంతోషం. ఆ టోకెన్ నంబర్ ఫైల్‌లోనూ కాగితం మీదా రాసి ఉంచండి, అక్టోబర్ 31లోగా వేసే 24క్యూలో ముందరి రిటర్న్ టోకెన్ అడుగుతుంది. కొన్ని రోజులయ్యాక ట్రేసెస్‌లో స్టేటస్ చూడండి, డిఫాల్ట్ లేకుండా ప్రాసెస్ అయినట్టు వస్తేనే ఈ క్వార్టర్ పని పూర్తయినట్టు. ఆ ఆరుగురి 23,400 జులై లెక్కలో కలిసిందో లేదో చూసుకుని ఆగస్టు 5కే కట్టేయండి.


కొత్తపద్దు
జులై 26, మధ్యాహ్నం 1:11

5వ తేదీకి ఫోన్‌లో అలారం పెట్టేశాను మేడమ్. ఉదయం పది గంటలకి.